వదిలే ఊపిరి

2025 మే 21 నుంచి నెల రోజులపాటు ఆంధ్రప్రదేశ్ అంతా ముక్కు పట్టుకుని కూర్చుంది. యోగాంధ్ర అని పేరు పెట్టారు. జూన్ 21న విశాఖ సముద్రతీరంలో ప్రధానమంత్రి ముందు మూడు లక్షల మందికి పైగా ఒక్కసారే ఆసనాలు వేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆ నెలంతా ఊళ్ళల్లో పొద్దు పొడవకముందే చాపలు పరిచారు. ఫోటో తీసి పై వాళ్ళకి పంపాలి కాబట్టి ఆసనం మీదకంటే ఫోటో మీద ఎక్కువ శ్రద్ధ పెట్టినవాళ్ళూ లేకపోలేదు. వెక్కిరించడానికి అనడం లేదు. మార్కాపురం దగ్గర మా పెద్దారవీడు లాంటి చోట మిరప చేలోకి, బత్తాయి తోటలోకి పోవాల్సిన మనిషిని పొద్దున్నే అరగంట కదలకుండా కూర్చోబెట్టడమంటే మాటలు కాదు. ప్రభుత్వం ఇంతమందిని ఒకచోట కూర్చోబెట్టేది మామూలుగా ఓట్లప్పుడే.

నన్ను ఆలోచనలో పడేసింది మైకులో వినపడిన ఒక మాట: "దీర్ఘంగా శ్వాస తీసుకోండి." ఆ మాట వినగానే అందరూ ఒక్కలాగే చేశారు. ఛాతీలు పొంగాయి, భుజాలు చెవుల దాకా లేచాయి, పొట్టలు వీపుకి అంటుకున్నాయి, కళ్ళు గుండ్రంగా తిరిగాయి. గాలి లోపలికి వెళ్ళింది. ఇక దాన్ని ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. కాసేపు అట్లాగే ఉండి, మైకు ఇంకో మాట అందుకునేసరికి అందరూ దొంగచాటుగా వదిలేశారు. యోగా అంటే పీల్చడం అనే అభిప్రాయం మనలో బలంగా పాతుకుపోయింది. ప్రాణవాయువు అన్నారు కదా, ఎంత లోపలికి తోస్తే అంత ఆరోగ్యం అనుకుంటాం. నిజానికి నిమ్మళంగా కూర్చున్న ఆరోగ్యవంతుడి రక్తంలో ప్రాణవాయువు నిండుకుండలాగే ఉంటుంది. ఇంకా పీల్చినంత మాత్రాన అందులో కలిసేది దాదాపు ఏమీ ఉండదు. పైగా గబగబా పీల్చి వదులుతుంటే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, మెదడుకి పోయే రక్తనాళాలు ముడుచుకుని కళ్ళు తిరుగుతాయి. ఆ తిరగడాన్నే కొందరు ఆధ్యాత్మిక అనుభవం అనుకుంటారు.

నాకు నేర్పింది ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. జీవితమంతా పిల్లల చేత ఈల ఊది పరుగులు పెట్టించిన మనిషి, ఉద్యోగం అయిపోయాక బడి వరండాలో పదిమందిని కూర్చోబెట్టి ఊపిరి నేర్పించేవాడు. మొదటి రోజు ఎవరో ఛాతీ పొంగించబోతే ఆపాడు. "పీల్చమాకండి. పీల్చమని ఎవురడిగారు? వదలండి. లోపలికి అదే వస్తది, యాడికి పోద్ది" అన్నాడు. ఆయన చెప్పిన పద్ధతి ఇంతే: ముక్కుతోనే, చప్పుడు లేకుండా, పొట్ట మెల్లగా లోపలికి దిగేదాకా వదలడం. చివర్లో ఇంకొంచెం మిగిలి ఉంటుంది. దాన్నీ తోసెయ్యకుండా, జారిపోనివ్వడం. ఆ తర్వాత ఒక చిన్న ఖాళీ. ఆ ఖాళీలో ఏమీ చెయ్యకూడదు. అక్కడే కష్టం. మనసు వెంటనే "పీల్చు" అని తొందర పెడుతుంది. కొంచెం ఓపిక పడితే, మనం పిలవకుండానే పొట్ట తనంతట తాను లేస్తుంది, ఊపిరి దానంతట అది వస్తుంది. పీల్చింది నేను కాదు అని తెలియడం మొదటిసారి చాలా విడ్డూరంగా ఉంటుంది.

మాస్టారు సొంతంగా కనిపెట్టిన కిటుకు అనుకున్నాను చాలాకాలం. తర్వాత చూస్తే పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదంలోనే ఉంది. మనసు నిలకడ పడటానికి ఉపాయాలు చెబుతూ ఆయన ముప్ఫై నాలుగో సూత్రంలో ఊపిరిని బయటికి వదలడం గురించీ నిలపడం గురించీ చెప్పాడు. అందులో పీల్చడం ఊసే ఎత్తలేదు. హఠయోగులు పెట్టిన లెక్కల్లోనూ పీల్చే పూరకం ఒక పాలైతే వదిలే రేచకం రెండు పాళ్ళు. ఎవరికి వాళ్ళు పరీక్షించుకోవచ్చు, యంత్రాలక్కర్లేదు. మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి నాడి చూసుకుంటూ కూర్చోండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. అందుకే వదిలే ఊపిరి పొడవైన కొద్దీ గుండె నెమ్మదిస్తుంది, గుండెతో పాటు మనిషీ. ఇటలీలో బెర్నార్డి అనే వైద్యుడూ ఆయన బృందమూ 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక సంగతి రాశారు. లాటిన్‌లో రోజరీ జపం చేసినా, బౌద్ధుల మంత్రం చదివినా ఊపిరి నిమిషానికి ఇంచుమించు ఆరుకి దిగుతోందట. మామూలుగా మనది పన్నెండు నుంచి ఇరవై. ఆ ఆరు దగ్గర గుండె, రక్తపోటు ఒకదానితో ఒకటి చక్కగా సర్దుకుంటాయని వాళ్ళ కొలతలు. జపం అంటే వదిలే ఊపిరి మీదే కదా పలికేది! శివరాత్రికి దోర్నాల మీదుగా శ్రీశైలం నడిచిపోయే వాళ్ళు ఘాటు ఎక్కుతూ శివనామం అనడం భక్తి కోసమే కావచ్చు. కానీ మాట్లాడుకుంటూ ఎక్కేవాళ్ళు ముందు రొప్పుతారు, నామం అంటూ ఎక్కేవాళ్ళు నిలదొక్కుకుంటారు.

ఇక్కడే నాకు మన పెద్దవాళ్ళతో ఒక తగువుంది. దీపాలు పెట్టే వేళ ఎవరైనా నిట్టూరిస్తే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. "ఇంట్లో ఉసూరుమనమాక" అని కసిరేది. లక్ష్మి వెళ్ళిపోతుందని ఆమె భయం. 2023లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు రోజుకి అయిదు నిమిషాల చొప్పున నెల రోజులు జనం చేత రకరకాల ఊపిరి పద్ధతులు చేయించి చూస్తే, పొడుగ్గా నిట్టూర్చే పద్ధతికే ఎక్కువ మంచి ఫలితం కనపడిందని ప్రకటించారు. రెండుసార్లు పీల్చి, నోటితో సుదీర్ఘంగా వదలడం; అంటే మా నాయనమ్మ తిట్టిందే. అదే నాయనమ్మ రోజంతా చేసిన పనులన్నీ వదిలే ఊపిరి మీదే నడిచేవి. నీళ్ళ బిందె తల మీదకి ఎత్తేటప్పుడు "హుఁ" అనేది. రోట్లో కారం దంచితే ప్రతి పోటుకీ ఒక "హుఁ". బరువు పడే క్షణంలో ఊపిరి బయటికి పోవాలని ఆమెకి ఎవరూ క్లాసు పెట్టి చెప్పలేదు. ఇక పొయ్యి దగ్గర ఇనప గొట్టం. పెదాలు గొట్టానికి ఆనించి సన్నగా, పొడుగ్గా, నిప్పు రాజుకునేదాకా ఊదేది. ఉబ్బసం, ఆయాసం ఉన్నవాళ్ళకి ఈరోజు ఊపిరితిత్తుల డాక్టర్లు నేర్పించే వ్యాయామం అదే: పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలమంటారు. గొట్టం ఒక్కటే తక్కువ.

కానీ ఆ గొట్టంతో ఊదాక మళ్ళీ పీల్చేది ఏమిటి? కంప పొగ. పొయ్యి పొగ ఏళ్ళ తరబడి పీల్చిన ఆడవాళ్ళకి బీడీ ముట్టకపోయినా ఊపిరితిత్తులు పాడవుతాయని ఇప్పుడు వైద్యులందరూ ఒప్పుకుంటున్నారు. ఊపిరి ఎట్లా తీసుకోవాలో చెప్పే పుస్తకాలు ఏ గాలి తీసుకోవాలో అంతగా పట్టించుకోవు. హఠయోగ గ్రంథాలు కుటీరం శుభ్రంగా ఉండాలని, మంచి రాజ్యంలో ఉండాలని సలహా ఇచ్చి ఊరుకున్నాయి. మంచి రాజ్యం దొరకనివాళ్ళ సంగతి చెప్పలేదు.

మార్కాపురం పలకల సంగతి తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. నా వయసు వాళ్ళు అ ఆలు దిద్దింది ఆ పలకల మీదే. గనిలోంచి రాయి తీసి, పొరలుగా చీల్చి, కోసి, నున్న చేసి, చుట్టూ కర్ర చట్రం బిగిస్తే పలక. కాగితం పుస్తకాలొచ్చి పలక పక్కకి పోయాక అదే రాయి గోడలకీ నేలకీ అంటించే పెంకులై విదేశాలకి పోతోంది. రాయి ఏ రూపంలో పోయినా, కోసిన చోట దుమ్ము మాత్రం ఇక్కడే ఉంటుంది. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనపడనంత సన్నటి రేణువులు ఊపిరితిత్తుల అట్టడుగుకి చేరి అక్కడ మచ్చలు పెడతాయి. తిత్తి గట్టిపడుతుంది. దాన్ని మళ్ళీ మెత్తబరిచే మందు లేదు, ఆసనమూ లేదు. మధ్యప్రదేశ్ మంద్‌సౌర్‌లో పలక బలపాలు చేసే కార్మికుల్లో ఈ జబ్బు ఎంత ఘోరంగా ఉందో దశాబ్దాల కిందటే అహ్మదాబాద్ పరిశోధకులు బయటపెట్టారు.

మా వరండా క్లాసుకి అట్లాంటి పెద్దాయన ఒకాయన వచ్చేవాడు. వయసులో ఉండగా రాళ్ళు కోసిన చేతులు. భ్రామరి చెయ్యమన్నాడు మాస్టారు. చెవులు బొటనవేళ్ళతో మూసుకుని, నోరు మూసి, వదిలే ఊపిరంతా తుమ్మెదలా "మ్‌మ్‌మ్" అని రొద చెయ్యడం. మేమందరం అంటూనే ఉన్నాం, ఆయన ఊపిరి మాత్రం మధ్యలోనే తెగిపోయింది. దగ్గు తెర వచ్చింది. దగ్గు తగ్గాక మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ తెగింది. మాస్టారు దగ్గరికెళ్ళి, "పొడుగు వద్దు పెద్దాయనా, నీకు యాడిదాకా వస్తే ఆడిదాకానే" అన్నాడు. ఆయన పొట్టిపొట్టిగా, రెండు మూడు క్షణాలకొక ముక్కగా "మ్‌మ్" అన్నాడు. చివర్లో అడిగితే, "గొంతులో ఏందో సల్లంగా ఉంది సారూ" అన్నాడు. స్టాక్‌హోమ్ పరిశోధకులు 2002లో కొలిచి చూశారు: మామూలుగా వదిలినప్పటి కంటే "మ్‌మ్" అంటూ వదిలినప్పుడు ముక్కు గదుల్లోంచి నైట్రిక్ ఆక్సైడ్ పదిహేను రెట్లు ఎక్కువ వస్తుందట. ఆయనకి చల్లగా అనిపించింది అందుకేనని నేనంటే అది అబద్ధం. ఆయనకి కొంచెం హాయి కలిగింది, అంతవరకే నాకు తెలుసు. ప్రాణాయామం వల్ల ఆయన తిత్తి బాగుపడుతుందని ఎవరైనా టీవీలో చెబితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి మనిషికి ముందు కావాల్సింది డాక్టరు రాసిన సర్టిఫికెట్టు, నష్టపరిహారం. రాయి కోసేటప్పుడు దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లే యంత్రం అయితే ఆయన కొడుకుకి కావాలి.

కూర్చోవడం గురించీ ఒక మాట. "వెన్ను నిటారుగా, పద్మాసనంలో" అని ప్రతి పుస్తకమూ అంటుంది. మా మార్కాపురం ప్రాంతంలో బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు ఉంది. అది ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకి వెన్నెముక, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. ముదిరితే పక్కటెముకల కీళ్ళు కూడా బిగిసి ఛాతీ సరిగ్గా విచ్చుకోదు. అట్లాంటి వాళ్ళని బాసింపట్టు వేసి కూర్చోమనడం పాపం. కుర్చీలో కూర్చున్నా, నులక మంచం మీద గోడకి ఆనుకున్నా వదిలే ఊపిరి వదిలినట్టే ఉంటుంది. పడుకుని పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది కూడా. ఆసనం పూర్తిగా కుదిరితేనే ప్రాణాయామం అనే శాస్త్రకారుల వరస ఈ ఊరికి పనికిరాదని నా అభిప్రాయం.

ఊపిరి బిగబట్టే కుంభకం విషయంలో అయితే మా ప్రాంతాన్ని మించినవాళ్ళు లేరు. 1996లో మా ఊళ్ళకి నీళ్ళు తెస్తామని వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచి ఊపిరి బిగబట్టుకునే ఉన్నాం.

పెద్దారవీడు నుంచి పడమరకి చూస్తే నల్లమల. దాని లోపలెక్కడో శ్రీశైలం. యోగా అంటే ఎక్కడో రుషీకేశ్‌లోనో మైసూరులోనో పుట్టిందని మనవాళ్ళు కూడా అనుకుంటారు గానీ, ఈ కొండ సిద్ధులకి పేరుపడ్డది. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపిక మొదట్లోనే ఒక సిద్ధుల జాబితా ఇస్తుంది. మత్స్యేంద్రుడు, గోరక్షుడు వాళ్ళతో పాటు అందులో అల్లమ ప్రభువు పేరుంది. శ్రీశైలంలో కదళీవనం, అక్కమహాదేవి గుహ చూసినవాళ్ళకి ఆ పేరు చుట్టం పేరే. ఇంచుమించు అదే కాలంలో శ్రీశైలం భిక్షావృత్తి మఠాధిపతి కోరితే గౌరన మంత్రి తెలుగు ద్విపదలో నవనాథ చరిత్ర రాశాడు. అంటే నాథ యోగుల కథలు మా కొండ మీది మఠంలో తెలుగులోనే వినిపించాయన్నమాట.

ఆ స్వాత్మారాముడే ఒక హెచ్చరిక చేశాడు. సింహాన్ని, ఏనుగుని, పులిని ఎట్లా కొద్దికొద్దిగా మచ్చిక చేస్తారో ఊపిరినీ అట్లాగే చెయ్యాలి, లేకపోతే చేసేవాడినే చంపుతుంది అన్నాడు. పట్నం క్లాసుల్లో ఇది కవిత్వంలా వినపడుతుంది. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం అంచున మేకలు కాసే వాళ్ళకి కవిత్వంలా వినపడదు. పులిని తొందర పెట్టకూడదని వాళ్ళకి తెలుసు. రెండు వేల సంవత్సరం దాటాక టీవీల్లో పొద్దున్నే కపాలభాతి మొదలైంది. పొట్ట అదరగొడుతూ ఫట్‌ఫట్‌మని వదలడం. నిజానికి హఠయోగ ప్రదీపిక దాన్ని ప్రాణాయామాల్లో చేర్చలేదు. నేతి, ధౌతి లాంటి శుద్ధి క్రియలు ఆరింటిలో ఒకటిగా చెప్పింది. ముక్కు చీదుకోవడానికి అన్నయ్య లాంటిది. అందులోనూ బలం పెట్టేది వదలడంలోనే, పీల్చడం దానంతట అదే జరుగుతుంది. ఆ మేరకు మా మాస్టారు మాటకి విరోధం లేదు. కానీ రక్తపోటు, గుండెజబ్బు, గిలక ఉన్నవాళ్ళు, గర్భిణులు దాని జోలికి పోకూడదు. వెయ్యిసార్లు కొట్టానని గొప్పలు చెప్పుకునే వాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది.

ఊపిరి మీద ఎరుక గురించి చెప్పాలంటే నల్లమల అవతలికి పోవాలి. ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేసుకునే సుభాష్ పత్రి 1990లో కర్నూలులో స్పిరిచ్యువల్ సొసైటీ పెట్టారు. ఆయన ఊరూరా తిరిగి చెప్పింది "శ్వాస మీద ధ్యాస" అనే మూడు మాటలే. 2022లో ఆయన పోయేనాటికి రాయలసీమ, ప్రకాశం పల్లెల్లో మేడల మీద ధ్యానానికి పిరమిడ్లు లేచాయి. పిరమిడ్ ఆకారంలో శక్తి ఉందనే మాట నేను నమ్మను. కానీ గురువు కాళ్ళకి దణ్ణం పెట్టక్కర్లేదు, మంత్రం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, కళ్ళు మూసుకుని నీ ఊపిరి నువ్వే చూసుకో అని కూలికి పోయేవాళ్ళతో, చదువురానివాళ్ళతో అంత తేలిక తెలుగులో ఇంకెవరు చెప్పారు? అక్కడ ఊపిరిని మార్చడం లేదు, చూడటమే. చూడటం మొదలుపెడితే మారకుండా ఉండదు, అది వేరే సంగతి. మా పక్కన స్వరం చూసుకునే ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. ప్రయాణమయ్యే ముందు ముక్కు కింద వేలు పెట్టుకుని ఏ ముక్కు ఆడుతుందో చూసి ఆ కాలు ముందు పెడతారు. కాలు సంగతి ఎట్లా ఉన్నా, కొన్ని గంటలకోసారి ఒక ముక్కు బిగిసి ఒకటి తెరుచుకోవడం నిజం. 1895లో జర్మన్ వైద్యుడు కైజర్ దాన్ని నమోదు చేశాడు. ముక్కులు మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధనకి కూర్చునేముందు ఏ ముక్కు ఆడుతోందో ఒక్కసారి చూసుకోవడం నాకు అలవాటైంది. కుడిచెయ్యి చూపుడువేలు, నడిమివేలు మడిచి, బొటనవేలితో ఒక పక్క, ఉంగరపు వేలితో రెండో పక్క. నొక్కకూడదు, తలుపు దగ్గరికి వేసినట్టు వెయ్యాలి. బిగిసిన పక్క నుంచి వదిలేటప్పుడు ఊపిరి తప్పనిసరిగా సన్నబడుతుంది. ఆ సన్నదనం ఎవరో కావాలని పెట్టినట్టుంటుంది.

ఇక ఊపిరి సాధనతో సత్తువ వస్తుందనే మాట. దీని దగ్గరే నాకు అనుమానం. మనిషికి ఆయుష్షు ఏళ్ళతో కాదు, ఊపిరుల లెక్కతో ఇస్తారు, నెమ్మదిగా వాడుకుంటే ఎక్కువకాలం వస్తుందని పెద్దలు చెబుతారు. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆనంద్, ఛీనా, బల్‌దేవ్ సింగ్ రామానంద యోగి అనే ఆయన్ని గాలి చొరబడని పెట్టెలో కూర్చోబెట్టి కొలిస్తే, ఒంటికి కావాల్సిన కనీస ప్రాణవాయువు కన్నా బాగా తక్కువతో సరిపెట్టుకోగలిగాడు. గొప్పే. కానీ అది ఖర్చు తగ్గించుకోవడం, సంపాదన పెంచుకోవడం కాదు. నా అనుభవంలో పొద్దున పావుగంట ఊపిరి వదిలాక వచ్చేది కొత్త బలమేమీ కాదు. అనవసరంగా పోతున్నది పోకుండా ఆగుతుంది. పళ్ళు బిగించడం, భుజాలు ఎత్తిపట్టుకోవడం, బస్సు రాలేదని కాలు ఊపడం లాంటివి. ఆ మిగిలిందాన్నే సత్తువ అనుకుంటామేమో. దానికి ఓజస్సనీ తేజస్సనీ పెద్ద పేర్లు పెట్టి అమ్మేవాళ్ళకి నేను గిరాకీని కాను.

మాస్టారు కూడా అమ్మేవాడు కాదు. ఒకరోజు ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ నిలదీసింది.

"ఏం నాయనా, ఇది చేస్తే మోకాళ్ళ నొప్పులు పోతయ్యా?"

"పోవమ్మా."

"షుగరు?"

"మాత్రలు మానమాక. అది ఏసుకుంటానే ఇది చెయ్యి."

"మరి దేనికయ్యా ఇది?"

"కోపం కొంచెం తగ్గుద్ది. రాత్రి నిద్ర పడద్ది."

"కరెంటుంటే నాకు అట్టనే పడద్ది" అంది అవ్వ. మర్నాడు అందరికంటే ముందొచ్చి అదే చోట కూర్చుంది. మోకాళ్ళ సంగతి మళ్ళీ అడిగింది.